వేన్నీళ్ళు పోసిన వెన్న

అమ్మ మంచం దిగక ఇరవై రెండు రోజులైంది. తొమ్మిది రోజుల పసివాడు పోయిన నాటి నుంచి గోడవైపు తిరిగి పడుకునే ఉంది. బతిమాలితే రెండు ముద్దలు తింటుంది, పిలిస్తే "ఊఁ" అంటుంది. నాన్న పొద్దున్నే పనికి పోతాడు. ఇల్లు చూడడానికి పిన్ని వచ్చింది.

పెద్దపిల్లకు పదిహేనేళ్ళు. అమ్మను ఎలా లేపాలన్నదే దాని ధ్యాస. కబుర్లు చెప్పి చూసింది, కాళ్ళు పట్టి చూసింది, పక్కన కూర్చుని ఏడ్చి కూడా చూసింది. ఆ ఆదివారం ఫ్రిజ్ తీసి మీగడ గిన్నె చూడగానే దానికి ఒక దారి తోచింది.

వెన్న దగ్గర అమ్మ ఎవరినీ నమ్మదు. మీగడ చల్లగా ఉండాలి, కవ్వం ఒకే వేగంతో తిరగాలి, తొందరపడి వేన్నీళ్ళు పోస్తే పడ్డ కష్టమంతా నీళ్ళపాలే. ఒకసారి జ్వరంతో మూలుగుతూ కూడా, వంటింట్లో నాన్న చిలికే చప్పుడు తేడాగా ఉందని దుప్పటితోనే లేచొచ్చి కవ్వం లాక్కుంది.

పెద్దపిల్ల గిన్నె పట్టుకొచ్చి అమ్మ గది గుమ్మంలో కూర్చుంది. చాలాసేపు బుద్ధిగానే చిలికింది. మీగడ చిక్కబడి కవ్వాన్ని పట్టుకుంది. కాసేపటికి పట్టు వదిలింది, అంచుల వెంట పసుపుపచ్చని రవ్వలు కనపడ్డాయి. అప్పుడు పక్కనున్న చెంబు అందుకుని కాసిన్ని నీళ్ళు పోసింది.

"ఇదేంటే, పొగలొస్తున్నాయి? వేన్నీళ్ళా?" పిన్ని పరుగున వచ్చింది. "మీ అమ్మ చూసిందంటే నిన్నూ నన్నూ కలిపి చిలికేస్తుంది."

"చూడాలనే పిన్నీ."

పిన్ని గదిలోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అయితే ఆ కాసిన్ని ఏం సరిపోతాయి? అన్నీ పొయ్యి. గట్టిగా తిప్పు, వినపడాలి."

పెద్దపిల్ల చెంబెడూ పోసేసింది. కవ్వాన్ని గిన్నె అంచులకు కొడుతూ అడ్డదిడ్డంగా తిప్పింది. రవ్వలు కరిగి నూనె చుక్కలై తేలాయి. వారం రోజుల మీగడ కళ్ళముందే పాడవుతోంది. అయినా ఆపలేదు. మంచం మీద అమ్మ భుజం కదిలింది. పెద్దపిల్ల తల ఎత్తి చూసింది. అమ్మ దుప్పటి పైకి లాక్కుంది, అంతే.

ఇక ఆగలేక పెద్దపిల్ల గిన్నె తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, వేన్నీళ్ళు పోశాను. ఏమైందో చూడు."

అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. గిన్నెలోకి చూసింది. చాలాసేపే చూసింది. తిట్టమ్మా, ఒక్క మాట తిట్టు, అని పెద్దపిల్ల లోలోపలే వేడుకుంది.

"బాగానే ఉంది," అంది అమ్మ. "అక్కడ పెట్టు."

మళ్ళీ గోడవైపు తిరిగింది.

పెద్దపిల్ల గిన్నెతో తిరిగొచ్చేసరికి వంటింట్లో పిన్ని ఎదురుచూస్తోంది. "ఏమందే? బాగా పెట్టిందా చీవాట్లు?"

"బాగానే ఉందంది."

పిన్ని పొయ్యి గట్టుకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. కొంతసేపటికి గిన్నె తన ముందుకు లాక్కుని, చన్నీళ్ళు పోసి, జిడ్డును వేళ్ళతో ఒకచోటికి చేర్చబోయింది. పెద్దపిల్ల కూడా ఎదురుగా కూర్చుని చేతులు పెట్టింది. ఎంత దేవినా ముద్ద కట్టలేదు. నాలుగు చేతులకూ జిడ్డు మాత్రం అంటుకుంది.