పాలరాతి గట్టు

"ఇంకా గరగరలాడుతూనే ఉందే," అంది అత్తగారు, పంపు పక్కన వంటగట్టు మీద చూపుడువేలు రాసి. పొద్దున్నే టీ కన్నా ముందు ఆవిడ చేసే పని అదే. వేలు రాశాక దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుంటుంది, కళ్లజోడు లేకుండానే. కోడలు అప్పటికే అరగంటగా ఆ గట్టుతోనే కుస్తీ పడుతోంది. నానబెట్టిన గుడ్డ పిండి పంపు చుట్టూ పరిచింది, సున్నం పొక్కు మెత్తబడ్డాక ప్లాస్టిక్ రేకుతో మెల్లగా గీకింది, వంటసోడా ముద్దతో రుద్దింది, పొడిగుడ్డతో తుడిచింది. ఇంత చేశాక కూడా గరగర ఎక్కడో మిగిలే ఉంటుంది, అది అత్తగారి వేలికే దొరుకుతుంది.

నాలుగేళ్ల కిందట వంటగది బాగు చేయించినప్పుడు ఆమె నల్లరాయి వేయిద్దామంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువండీ, తెల్లరాయి మన్నదు అని చెప్పింది. భర్త నవ్వాడు. వాళ్ల అక్కయ్య ఇంట్లో పాలరాయి ఉంది, కాబట్టి ఇక్కడా పాలరాయే ఉండాలి. "రాళ్ల గురించి కూడా నువ్వే చెప్పాలా?" అన్నాడు, రాళ్లు తప్ప మిగతావన్నీ ఆమె మాట ప్రకారమే నడుస్తున్నట్టు. గట్టు వేసిన మొదటి నెల పెళ్లికూతురిలా మెరిసింది. రెండో నెల నుంచి పంపు చుట్టూ తెల్లటి వలయాలు మొదలయ్యాయి. ఇంట్లో ముగ్గురూ నీళ్లు వాడతారు. చేతులు కడుక్కుని విదిలిస్తారు, గ్లాసు పెట్టి వెళ్తారు, బిందె దించి వెళ్తారు. ఆ తడి అక్కడే ఆరి పేరుకుంటుంది. తడి చేసినవాళ్లు ఒక్కసారి పొడిగుడ్డతో తుడిస్తే అసలు మరకే పడదని ఆమె చెప్పీ చెప్పీ ఊరుకుంది. ఎందుకంటే ఆ మాట అన్న ప్రతిసారీ భర్త, "ఆ గుడ్డ నీ చేతిలోనే ఉందిగా," అనేవాడు.

వింతేమిటంటే ఆమె ఉద్యోగమే నీళ్లు. ఊరికి నీళ్లు పంపే ఆఫీసులో పరీక్షల గది ఆమెది. ఏ వీధి నీటిలో ఎంత సున్నముందో, ఎక్కడ ఏ మందు కలపాలో రోజూ రాసి సంతకం పెట్టేది ఆమే. పదిహేనేళ్లుగా ఊరు ఊరంతా ఆమె సంతకం చూసి గొంతు తడుపుకుంటోంది. ఇంట్లో మాత్రం ఆమె నీళ్ల గురించి నోరు తెరిస్తే, వాతావరణ వార్తలు వింటున్నట్టు మొహాలు పెట్టేవాళ్లు.

ఆ పరీక్షల గదికి పెద్దగా ఉన్నావిడను అందరూ పెద్దమేడమ్ అంటారు. ఆవిడ నెలాఖరుకు రిటైరవుతోంది. ఆ కుర్చీకి నీ పేరు పంపుతాను, సోమవారంలోగా అవునో కాదో చెప్పు అంది. ఒక్కటే చిక్కు. ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు పొద్దున్న ఆరింటికల్లా అక్కడుండాలి. అంటే పొద్దుటి వంటిల్లు ఇంకెవరో చూడాలి. ఆ మాట చెప్పగానే భర్త చదువుతున్న పేపరు దించకుండానే అన్నాడు: "గట్టు మీద మరక వదిలించలేవు, ఊరందరి నీళ్లూ నువ్వు చూస్తావా?" తన జోకు తనకే నచ్చి రెండోసారి కూడా అన్నాడు. తరువాత కాస్త మెత్తబడి, ఆదివారం అక్కా బావా భోజనానికి వస్తారుగా, అందరం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. సరేనంది. నలుగురూ కలిసి ఒప్పుకుంటే బాగుంటుందని ఆమెకీ ఉంది. నిజం చెప్పాలంటే, ఒప్పుకుంటారన్న ఆశ కూడా ఉంది.

ఆదివారం నీళ్లకు సెలవు లేదు. తెల్లారకుండానే లేచి వంట ముగించి, గిన్నెలు మూతపెట్టి, రెండు గంటల డ్యూటీకి వెళ్లింది. పదకొండింటికి తిరిగొచ్చి వంటగదిలో అడుగు పెట్టేసరికి ముక్కుపుటాలు మండాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్ వాసన. పంపు పక్కన రెండు చేతుల మేర గట్టు నిగనిగ పోయి సుద్దలా పాలిపోయి ఉంది. వేలు పెడితే గరుకు. మరకా పాలరాయీ ఒకే జాతివి, మరకను తినేది రాయినీ తింటుంది. ఆ సంగతి ఈ ఇంట్లో కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది.

భర్త గుమ్మంలో నిలబడ్డాడు. అక్క వచ్చేలోగా శుభ్రం చేద్దామనుకున్నాడట. నాలుగేళ్లుగా నువ్వు చేయలేనిది ఐదు నిమిషాల్లో చేసి చూపిద్దామనుకున్నాడు, ఆ ముక్క బయటికి అనలేదు గానీ మొహంలో ఉంది. యాసిడ్ పోయగానే బుసబుసమని పొంగింది. పొంగేకొద్దీ మురికి వదులుతోందనుకుని ఇంకాస్త పోశాడు.

"ఇది పోతుందా?" అన్నాడు.

"మరకైతే పోయేదండీ. ఇది మరక కాదు. రాయే కరిగిపోయింది."

అతను గట్టు కేసి చూసి, "అక్క అడిగితే మనం ఏం చెప్దాం?" అన్నాడు. అతని నోట 'మనం' అన్న మాట ఎప్పుడొస్తుందో ఆమెకు బాగా తెలుసు.

అతను స్నానానికి వెళ్లాక అత్తగారు లోపలికొచ్చి గొంతు తగ్గించింది. "నీ మీద వేసుకో అమ్మాయ్. అక్క ముందు వాడు చిన్నబోతాడు. ఒక్క మాటతో పోయేదానికి గొడవెందుకు?" ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒకప్పుడు మామగారు మోటారు కట్టేయడం మరిచిపోతే కింది వాటావాళ్ల పరుపులన్నీ తడిసిపోయాయట. నేనే మరిచిపోయానని చెప్పిందట ఆవిడ. అప్పటి నుంచి చుట్టాలందరి దగ్గరా ఆవిడకు మతిమరుపు మనిషని పేరు. "ఎన్నిసార్లు చెప్పానో ఏమో, ఇప్పుడు తలుచుకుంటే నిజంగా నేనే మరిచిపోయానేమో అనిపిస్తుంది," అంటూ నవ్వింది. ఆ నవ్వు చూస్తే కోడలికి భయం వేసింది. అత్తగారి మీద జాలి కూడా వేసింది, కానీ భయమే ఎక్కువ.

పరీక్షల గదిలో ఒక పద్ధతుంది. నీళ్ల సీసా మీద చీటీ ఉంటుంది, ఆ నీళ్లు పట్టినవాళ్లే దాని మీద సంతకం పెట్టాలి. జ్వరంతో పడున్నా సరే, ఒకరి బదులు ఇంకొకరు పెట్టడానికి లేదు. చేరిన కొత్తలో మొహమాటానికి ఒకసారి వేరేవాళ్ల సీసా మీద సంతకం పెట్టబోతే పెద్దమేడమ్ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ తరువాత ఆమె ఏనాడూ పెట్టలేదు. ఇంట్లో మాత్రం ఎన్ని పెట్టిందో. పోయిన తాళాలు, కట్టడం మరిచిన బిల్లులు, వెళ్లలేకపోయిన పెళ్లిళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ జరిగినవాటికి లెక్కే లేదు, అన్నిటికీ చీటీ మీద ఆమె పేరే. పళ్లాలు తుడుస్తూ అవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే ఆమెకు ఏడుపు రాలేదు. విసుగొచ్చింది, తన మీద తనకే.

భోజనాల దగ్గర ఆడబిడ్డ మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లి, "ఇదేంట్రా, గట్టు ఇలా అయిపోయింది?" అంటూ బయటికొచ్చింది.

"నీ మరదలి ప్రయోగం అక్కా," అన్నాడు అతను ముద్ద కలుపుకుంటూ. "ఆఫీసులో చేసేవి చాలక ఇంట్లో కూడా మొదలెట్టింది." బావగారు నవ్వాడు. ఆడబిడ్డ నవ్వలేదు, ఆవిడ మంచి మనిషే. వచ్చి కూర్చుని అనునయంగా చెప్పింది. ఇప్పుడే ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఊపిరాడటం లేదు కదా అమ్మాయ్, ఒక రాయి సంగతే చూసుకోలేకపోతున్నావు, ఇంకా ఆ కుర్చీ ఎందుకు, తమ్ముడు చెప్పినట్టు వద్దనేసెయ్ అంది. అంటే తమ్ముడు ముందే చెప్పి ఉంచాడు. కూర్చుని మాట్లాడుకోవడం ఎప్పుడో అయిపోయింది, ఆమె లేకుండా.

"ఆ యాసిడ్ నేను పోయలేదు వదినా," అంది ఆమె. "నేను డ్యూటీలో ఉన్నాను. ఈయన పోశారు. అత్తయ్య ఇంట్లోనే ఉన్నారు, అడగండి."

అందరూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ కంచంలోకి చూస్తూ, "నేను చూడలేదమ్మా," అంది.

నిజం బయటికొస్తే చాలు, అంతా సర్దుకుంటుందని ఆమె ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చింది. అది వచ్చింది. భర్త మొహం ఒక్క క్షణం ఎర్రబడింది. అంతలోనే సర్దుకుని, చిన్నపిల్లకు చెప్తున్నట్టు చెప్పాడు: "సరే, నేనే పోశాననుకో. ఎవరు పోస్తే ఏంటి? ముందు నుంచీ నువ్వు సరిగ్గా చూసుకుని ఉంటే నేను పోయాల్సి వచ్చేదా?"

బావగారు తలూపాడు. ఆడబిడ్డ, పోనీలే ఊరుకోండి, కూర చల్లారిపోతోంది అంది. కూర గిన్నె ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లింది. వాళ్లెవరూ నమ్మకపోతే ఆమె ఎంతయినా బాధపడేది. నమ్మారు. నమ్మి కూడా భోజనం చేస్తున్నారు. నిజంతో ఈ ఇంట్లో ఎవరికీ పని లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇంకెవరికీ ఏదీ రుజువు చేయనక్కర్లేదు అనిపించింది.

చెయ్యి కడుక్కొచ్చి, ఫోను తీసుకుని, మళ్లీ ఆ బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది. ఇప్పుడెవరికి ఫోన్ అన్నాడు భర్త. ఆమె నంబరు నొక్కింది.

"మేడమ్, నేనండీ. సోమవారం దాకా ఎందుకని చేశాను. నా పేరు పంపించండి."

అటువైపు పెద్దమేడమ్ సంతోషించింది. సంతోషించాక, ఆడవాళ్లందరినీ అడిగే ప్రశ్నే అడిగింది, ఇంట్లోవాళ్లను అడిగావా అని.

"అడిగాను మేడమ్," అంది ఆమె, బల్ల చుట్టూ కూర్చున్న నలుగురినీ చూస్తూ. "అడిగాకే ఫోన్ చేస్తున్నాను."