తాడుకు కట్టిన చీర అంచు

మోత్కూరులో టీచర్ల బోధన సామగ్రి మేళా. వరుసగా బల్లలు చూస్తూ వచ్చిన బెంజమిన్ ఆ తాడు ముందు ఆగిపోయాడు. అది తన భార్య నిర్మలమ్మ మేకలు కాసే గుర్వమ్మను అడిగి తెచ్చుకున్న తాడు.

నిర్మలమ్మ బడిలో ఇంగ్లీషు చెప్పేది. ‘లూస్’ అంటే వదులు, ‘లూజ్’ అంటే పోగొట్టుకోవడం. మన నోట వదులైన ప్రతిదీ లూజే కాబట్టి పిల్లలకు ఆ రెండూ కలిసిపోయేవి. ఆమె తాడును బల్లకాలికి వదులుగా కట్టి ‘లూస్’ అనిపించేది. ముడి జారి తాడు ఊడి రాగానే, "మరి మేక ఏదిరా?" అనేది.

"పోయింది టీచర్!"

అప్పుడు ‘లూజ్’ అనిపించేది. వెనక బెంచీలకు ముడి కనబడాలని తన ఆకుపచ్చ చీర అంచు చింపి తాడుకు కట్టింది.

ఆమె పోయాక ఆ క్లాసులు అదే బడిలో పనిచేసే నాగేందర్‌కు వచ్చాయి. దవాఖానలో ఆమె పక్కన బెంజమిన్‌కు తోడు కూర్చున్నవాడు. అందుకే తాడును బెంజమినే అతని చేతికిచ్చాడు.

ఇప్పుడు అంచు లేదు. ఆ చోట అట్టముక్క వేలాడుతోంది. ‘రూపకల్పన: నాగేందర్’.

"నువ్వొస్తవనుకోలే అన్నా," అన్నాడు నాగేందర్.

"నిర్మల పేరు లేదేంది?"

"ఒక్క పేరే రాయాలన్నరు."

"ఆ ఒక్కటి నీదా?"

అంతలో జడ్జి మేడం వచ్చింది. తాడు పట్టి చూసి మురిసిపోయింది. "మంచిగుంది సార్. గీ ఆలోచన ఎట్ల వచ్చింది?"

నాగేందర్ బెంజమిన్ కళ్లలోకి చూశాడు. ఇప్పుడైనా చెప్తాడనుకున్నాడు బెంజమిన్.

"మేకలను చూస్తుంటే నాకే తట్టింది మేడం."

అక్కడ నోరు విప్పితే నిర్మల పేరు పేచీలో పడుతుంది.

మేడం వెళ్లాక నాగేందర్ గొంతు తగ్గించాడు. "ప్రైజు వస్తే స్టేజి మీద వదిన పేరు చెప్తనే."

"ఇప్పుడే అడిగిన్రు గదా."

"తాడు తీస్కపోతవా?"

"తాడు గుర్వమ్మది, ఆమెకియ్యి. చీర అంచు ఏది?"

"మాసిపోయిందని పారేసిన."

తాడు ఇచ్చిన రోజు ఆ అంచు విప్పి దాచుకుందామనే అనుకున్నాడు బెంజమిన్. ముడి మీద చెయ్యి కూడా వేశాడు. వెనక బెంచీ పిల్లలు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"అన్నా, జర నా మాట..."

"సార్ అను నాగేందర్, సరిపోతది," అని బెంజమిన్ బస్టాండు వైపు నడిచాడు.