మంద తోలిన బీడు

మా ఊరు గురజాలకు దగ్గరే. ఊరి పశువుల బీడును సర్కారు తుమ్మ కమ్మేసి ముప్పై ఏళ్లు దాటింది. ఊరికది పీడ, నాకు కూడు. నా పేరు నూర్ మొహమ్మద్. ఆ కంప కొట్టి, బట్టీ పేర్చి, బొగ్గులు కాల్చి బతికినవాణ్ణి.

నా కూట్లో మట్టి కొట్టింది బసవమ్మ పిన్ని. బీట్లో మళ్లీ గడ్డి పెంచుతానని ఊరిని ఒప్పించి, మిషను పెట్టి కంపను వేళ్లతో సహా పెకలించింది. నేను పంచాయతీలో గోల చేస్తే పెద్దలు ఒక మాట చెప్పారు. ఈ వానలకు గడ్డి లేస్తే బీడు పశువులది. లేవకపోతే కంపను పెరగనిచ్చి నాకే వదిలేస్తారు.

అసలే బండలు తేలిన నేల. బలం రావాలని ఎండాకాలంలో పిన్ని అక్కడ గొర్రెల మంద తోలించింది. మా వైపు పొలాలకు అందరూ చేయించేదే. రాత్రిళ్లు మంద పడుకుంటే పెంట నేలకు పడుతుంది. ఆ గొర్రెలు పగలంతా వాగు గట్టున తుమ్మకాయలు మేసి వస్తున్నాయని, ఆ గింజలు అరక్కుండా పెంటలో పడతాయని ఒక్కరికీ తట్టలేదు.

మొదటి వానలకు బీడు పచ్చబడింది. ఊరంతా పిన్నిని మెచ్చుకుంటుంటే కడుపుమంటతో నేను కొన్నాళ్లు అటు పోలేదు. చివరికి పోయి వంగి చూస్తే నవ్వాగలేదు. చెంగలి గడ్డి దుబ్బుల మధ్య, పెంట పడిన చోటల్లా తుమ్మ మొలకలే. ఇంటికి వెళ్లి మా ఆవిడ చాంద్ బీకి గెలిచామని చెప్పాను.

ఆమె నవ్వలేదు. బట్టీ ఆగిపోయాక పాలమ్ముకుందామని గేదెను తెచ్చింది ఆమే.

"పొద్దున ఆ బీట్లో గడ్డే కోసుకొచ్చి ఏశా. చొప్ప ముట్టని గేదె గంపంతా ఖాళీ చేసింది. నీ బొగ్గులు తింటదా అది?" అంది.

సాయంత్రం మళ్లీ బీటికి వెళ్లాను. పిన్ని ఒక్కతే తడి నేల మీద గొంతుక్కూర్చుని మొలకలు పీకుతోంది. నేల ఆరితే అవి ఊడిరావు. ఆమె మీద నాకింకా కోపమే. కానీ అంత రోషం గల మనిషిని అలా చూస్తూ నిలబడలేకపోయాను. పక్కన కూర్చుని నేనూ పీకడం మొదలుపెట్టాను.

"ఏందిరా నూరూ, ఎగతాళికొచ్చావా? ఇది పెరిగితే నీదే గదా?"

"నాదే. మా గేదె ఒప్పుకోట్లా."

పిన్ని నా చేతులు చూసింది.

"పైపైన తెంపుతావేందిరా? వేరుతో రావాల. తుంచితే నాలుగు పిలకలేస్తది."

ముప్పై ఏళ్లు కంప కొట్టినవాడికి చెబుతోంది! ఒళ్లు మండిపోయింది.

"తెలుసులే పిన్నీ," అని, తెంపిన మొదలు వెతికి వేరు తవ్వసాగాను.