రెండో వేసవి

బియ్యం కడిగిన నీళ్ళు నేను తూములో పారబోయను. పెరట్లో నాలుగు మామిడి మొక్కలున్నాయి. పొద్దుటి నీళ్ళు రెండింటికి, సాయంత్రం నీళ్ళు రెండింటికి పోస్తాను. అవి చాలకపోతే కుళాయి దగ్గర్నుంచి బకెట్టుతో మోస్తాను. పోసేదాన్ని, మోసేదాన్ని అనాలి. ఇప్పుడు ఆ మొక్కలు లేవు.

మా ఆయన సత్యనారాయణమూర్తిగారు నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేస్తారు. సీజన్లో ముసునూరు, చాట్రాయి తోటల కాయంతా లారీల్లో మా షెడ్డుకే వస్తుంది. అయినా మా పెరట్లో ఒక్క మామిడి చెట్టు ఉండేది కాదు. "కాయ కొనేవాళ్ళకి చెట్టెందుకే?" అనేవారు అత్తగారు. ఆవిడ చనిపోయిన ఏడాది, తొలకరి పడగానే నర్సరీకి వెళ్ళి నాలుగు అంటు మొక్కలు తెచ్చుకున్నాను. రెండు చిన్నరసాలు, రెండు బంగినపల్లి. గుంటలు నేనే తవ్వాను. ఆయన మెట్ల మీద నిలబడి చూసి, "గడ్డపార వానలో వదిలెయ్యకు, తుప్పు పడుతుంది" అన్నారు.

ఈ ఇంట్లో నేను చేసిన పనేదీ సాయంత్రానికి మిగలదు. వండింది తినేస్తారు, తోమింది ఎంగిలవుతుంది, ఉతికింది మాస్తుంది, ఊడ్చిన చోట మళ్ళీ దుమ్ము. పాతికేళ్ళుగా ఏం చేశావంటే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను నిన్న చేసింది ఇవాళ కూడా కనబడేది ఆ మొక్కల్లోనే. అంటు కింద మొలిచిన పిచ్చి చిగుళ్ళు గిల్లేదాన్ని, గాలికి ఒరక్కుండా ఊతకర్రలు పాతి పాత చీర పీలికలతో కట్టేదాన్ని. కొత్త చిగురు రాగిరంగులో మెరుస్తుంటే స్టవ్ మీద పాల సంగతి మర్చిపోయేదాన్ని. మొన్న మాఘంలో ఒక రసం మొక్కకి పిడికెడు పూత వచ్చింది. చిన్న మొక్క కాపు మొయ్యలేదని తుంచేశాను. ఆయన చూశారు. "దాన్ని కూడా కాయనివ్వవన్నమాట" అన్నారు. నాకు రెండుసార్లు కడుపు పోయింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. ఆ 'కూడా' ఎందుకో మా ఇద్దరికీ తెలుసు.

"రెండు వేసవులు దాటించండమ్మా, ఆ తర్వాత చెట్టుకి మనిషి అక్కర్లేదు" అన్నాడు నర్సరీ అతను. మొదటి వేసవి తాటాకులు కప్పి దాటించాను. రెండోది మొదలవుతుండగా మైలవరం నుంచి ఫోనొచ్చింది. మా వదినగారికి, అంటే ఆయన అక్కగారికి, మోకాలి ఆపరేషన్. ఆవిడ కోడలు కీర్తిప్రియది బ్యాంకు ఉద్యోగం, లీవు ఇవ్వరట.

"నువ్వు ఖాళీయేగా, వెళ్ళు" అన్నారాయన.

"మరి మొక్కలండీ?"

"నేను లేనూ? నాలుగు బకెట్లు పోయడం కూడా రాదనుకుంటున్నావా?"

వెళ్ళాను. నెల దాటింది. వదినని లేపడం, నడిపించడం, స్నానం, కాపడం, ఆ ఇంటిల్లిపాదికీ వంట. సాయంత్రమైతే ఫోన్ చేసేదాన్ని.

"నీళ్ళు పోశారా?"

"పోశాను."

"నాలుగింటికీ?"

"పోశానన్నానా! ఇక్కడ లారీ దిగుతోంది, పెట్టెయ్."

"మా తమ్ముడు తిన్నాడా అని అడగవు, చెట్లు తాగాయా అని అడుగుతావేంటి లలితా?" అని వదిన నవ్వేది. ఒకరోజు ఎండ మరీ మండిపోతుంటే ఉండబట్టలేక, "బస్సులో వెళ్ళి ఒక్కసారి చూసి మధ్యాహ్నానికి వచ్చేస్తాను వదినా" అన్నాను. "నన్ను బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? నీ చెట్లా?" అంది. భుజానికి తగిలించుకున్న సంచి మళ్ళీ మేకుకి తగిలించాను.

తిరిగొచ్చిన రోజు చెప్పులు విప్పకుండానే పెరట్లోకి వెళ్ళాను. ఆకులు రాలలేదు. గోధుమరంగుకి తిరిగి కొమ్మలకే వేలాడుతున్నాయి, ముట్టుకుంటే అప్పడంలా విరిగాయి. పాదులు బీటలు వారి ఉన్నాయి. కాండం మీద గోరుతో గీకాను. లోపల పచ్చదనం కనబడితే ఆశ ఉన్నట్టే. ఒక్కో మొక్కా గీకుతూ వెళ్ళాను. నాలుగింటిలోనూ ఎండు పుల్లే.

పక్కింటి జోజమ్మగారు గోడ మీంచి చూసి, "మా ట్యూబుతో నీళ్ళు పెడతానన్నానండీ. 'ఎందుకులెండి, మా ఆవిడ వచ్చేస్తుందిగా' అన్నారు మీవారు" అని చెప్పారు.

మధ్యాహ్నం ఆయన భోజనానికొచ్చారు. వడ్డించాను. "మొక్కలు చచ్చిపోయాయి" అన్నాను.

"ఎండలలా ఉన్నాయి మరి."

"రోజూ పోశానన్నారుగా?"

చారు కలుపుకుంటూ తలెత్తకుండా అన్నారు. "అలా చెప్పకపోతే నువ్వక్కడ ఉండేదానివా?"

అబద్ధమాడానన్న సిగ్గు ఆ గొంతులో లేదు. తన తెలివిని నేను ఒప్పుకోవాలన్నట్టే ఉంది. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళాక ఆ కంచం ముందే కూర్చుండిపోయాను. మొక్కల కోసం ఏడవబోతే, ఎందుకో మైలవరంలో ఫోన్ పెట్టేశాక హాయిగా నిద్రపోయిన రాత్రులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

సాయంత్రం అక్కగారితో ఫోన్లో చెబుతున్నారు. "లలిత మొక్కలు పోయాయక్కా. ఒకటే దిగులుగా కూర్చుంది."

మర్నాడు షెడ్డు మనిషి చేత కొత్తగా నాలుగు అంటు మొక్కలు పంపించి, వెనకే తనూ వచ్చారు. "ఇదిగో, చాలా? ఆ పుల్లలు పీకేసి వాటి గుంటల్లోనే పెట్టెయ్."

"నేను పెట్టను" అన్నాను.

"మరెవరు పెడతారు?"

ఎగతాళికి కాదు. నిజంగానే తెలియక, నా మొహంలోకి చూస్తూ అడిగారు. నేను వంటింట్లోకి నడిచాను. ఆయన షెడ్డుకి వెళ్ళిపోయారు.

ఆ కొత్త మొక్కలు గేటు పక్కన నల్ల సంచుల్లోనే ఉన్నాయి. వాటి తప్పేమీ లేదు. మధ్యాహ్నానికి చిగుళ్ళు తలలు వేలేస్తాయి. రోజులో ఎన్నోసార్లు వాటి పక్కనుంచే నడుస్తాను. చెయ్యి చెంబు దాకా పోతుంది, వెనక్కి లాక్కుంటాను. ప్రాణమున్నదాన్ని కళ్ళెదుట ఎండిపోనివ్వడం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. నేను నేర్చుకుంటున్నాను.