ఎడమచేతి షార్ట్‌కట్లు

తప్పంతా మొగుడొక్కడి మీదికి నెట్టేసి మీరంతా తప్పుకోకండి. ఆమె కుడి మణికట్టు విరిచింది వాడే. కానీ మెట్ల మీద జారిపడ్డానని డాక్టరుకి చెప్పమని దారిపొడుగునా వల్లె వేయించింది అత్తగారు. కట్టుతో ఆఫీసుకొస్తే ఆ కట్టు వంక చూస్తూనే, బట్టల కొట్టు వాళ్ల వెబ్‌సైటు శుక్రవారానికి అయిపోతుందా అని అడిగినవాడు మేనేజరు. అయ్యో అనేసి కుర్చీలు మళ్లీ అటు తిప్పుకున్నది పక్క సీట్లవాళ్లు.

ఆమె చేసిన నేరమల్లా, అన్నానికి పిలిస్తే "ఒక్క నిమిషం, ఇది సేవ్ చేసి వస్తా" అనడం. వాడు మౌస్ మీదున్న చేతిని అలాగే పట్టుకుని బల్ల అంచుకేసి వంచాడు. పుల్ల విరిగినట్టు చప్పుడొచ్చింది. "ఇప్పుడు తీరిక దొరికిందా?" అన్నాడు.

అది ఏడు నెలల కిందటి మాట. ఇవాళ ఆమెకి ఆఫీసులో పెద్ద మర్యాద. కొత్తగా చేరిన ఐదుగురికి, వెబ్ పేజీలు తొందరగా తయారుచేసే కిటుకులు నేర్పాలి. అక్కడ ఆమెని మెరుపు అంటారు. మౌస్ ముట్టుకోదు. కాపీకి, పేస్టుకి, సేవ్‌కి కావలసిన మీటలన్నీ కీబోర్డుకి ఎడమ పక్కనే ఉంటాయని, కుడి చెయ్యి వాచి గుమ్మడికాయలా ఉన్న రోజుల్లో కనిపెట్టింది. పేజీ తలకట్టు ఒక్కచోట ఉంచి నలభై పేజీలకీ తగిలించడం, మాటిమాటికీ వాడే కోడు ముక్కలకి రెండక్షరాల పేరు పెట్టి పిలవడం, రంగులూ అక్షరాల సైజులూ మొదట్లోనే ఒకసారి రాసేసుకోవడం, ఇవేవీ తెలివితో రాలేదు. ఒక క్లిక్కు తగ్గితే ఒక పోటు తగ్గేది, అంతే. అలా మిగిలిన గంటలైనా ఆమెకి దక్కాయా? పని తొందరగా అయిపోతోందటగా, ఇక దుప్పట్లు ఉతకడానికి పనిమనిషికెందుకు వెయ్యడమని అత్తగారు తీర్మానించింది.

క్లాసు ఉంది, ఓ గంట ఆలస్యమవుతుందని పొద్దున చెప్పింది. వాడు కంచంలోంచి తలెత్తలేదు. "ఎడం చెయ్యి ఇంకా బాగానే ఉందిగా. సాయంత్రం రా, దాని సంగతీ చూద్దాం" అన్నాడు. వాడు సరదాకంటాడు, మనసులో పెట్టుకోకే అని నవ్వింది అత్తగారు. ఈ మధ్య ఆమెకి ఒకటే కల. వాడి వేళ్లు తలుపు సందులో ఉంటాయి, తలుపు ఆమె చేతిలో ఉంటుంది. మొదట్లో ఉలిక్కిపడి లేచేది. ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది. ఆ హాయంటేనే ఆమెకి భయం.

క్లాసులో ఐదుగురూ నోళ్లు తెరుచుకుని చూశారు. పావుగంటలో ఒంటిచేత్తో పన్నెండు పేజీలు నిలబెట్టింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారక్కా? మేమూ చేరతాం" అంది ముందు వరసలో అమ్మాయి.

గుమ్మంలో నిలబడ్డ మేనేజరు, అంకితభావముంటే అన్నీ అవే వస్తాయన్నాడు. వీడియోలు చూసి నేర్చుకున్నానన్న అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మెట్ల మీద జారిపడ్డాననే అబద్ధం కూడా అచ్చం ఇలాగే వచ్చింది అప్పుడు. ఈసారి దాన్ని మింగేసింది. చొక్కా కుడి చెయ్యి పైకి మడిచి, వంకరగా అతుక్కున్న మణికట్టుని ప్రొజెక్టరు వెలుగులో పెట్టింది.

"మా ఇంట్లో నేర్చుకున్నా. ఇది మా ఆయన విరిచాడు. ఈ సాయంత్రం రెండోది విరుస్తానన్నాడు."

ఇంటి విషయాలు క్లాసయ్యాక మాట్లాడుకుందామమ్మా అని గొంతు తగ్గించి నసిగాడు మేనేజరు.

"కుదరదు సార్. నేనిక ఆ ఇంటికి వెళ్లను. మీరు కట్టు చూశారు, నా సెలవు చీటీ మీ ఫైల్లో ఉంది. పోలీసు స్టేషన్లో ఆ మాట మీ నోటితో చెప్పాలి. మీరు ఐదుగురూ నేనన్నది విన్నారు, మీరూ రావాలి. జాలి నాకక్కర్లేదు, సాక్ష్యం కావాలి. కంప్యూటర్లు అలాగే వదిలెయ్యండి. లేవండి."