కరుణమ్మ కొన్న త్రీనాట్‌త్రీ

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కరుణమ్మను ఎరగని తెలుగువాళ్లు ఆ రోజుల్లో తక్కువ. ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆదివారం తెలుగు ఆరాధనకు ముందుగా వచ్చి కుర్చీలు సర్దే మనిషి. ఎవరింట్లో పురుడొచ్చినా మొదట ఫోన్ మోగేది ఆవిడ ఇంట్లోనే. అలాంటి ఆవిడ 1987 జులైలో ఒక శుక్రవారం డ్యూటీ నుంచి వస్తూ, మందపాటి కాగితంలో చుట్టిన పొడవాటి రైఫిల్ ఒకటి కారు వెనక సీట్లో వేసుకుని వచ్చింది.

భర్త ఏసుపాదం ఇంటి ముందు గడ్డికి నీళ్లు పెడుతున్నాడు. లాస్ కొలీనాస్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో లెక్కలు చూస్తాడు, ఆదివారాలు ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. నెమ్మదైన మనిషి. కాగితం చివర బయటికి వచ్చిన ఇనప మూతి చూసి కుళాయి కట్టేశాడు. ఆవిడ దాచలేదు. సైన్యం వాళ్లు వద్దనుకున్న త్రీనాట్‌త్రీలు షాపులో ఒక పీపా నిండా చీపుళ్లలా నిలబెట్టి అమ్ముతున్నారనీ, డ్రైవింగ్ లైసెన్సు చూపించి సంతకం పెట్టి ఒకటి తెచ్చుకున్నాననీ చెప్పింది.

"మనకెందుకు కరుణా తుపాకీ?"

"కాల్చడానికండీ."

ఆ మాట వెనక చాలా ఏళ్ల కోరిక ఉంది. గుంటూరులో కాలేజీ చదివేటప్పుడు ఆవిడ ఎన్‌సీసీ కేడెట్. కవాతుకి ఆడపిల్లల చేతికీ త్రీనాట్‌త్రీలే ఇచ్చేవారు. ఎండలో గంటలు గంటలు భుజాన మోయాలి, అయ్యాక గొట్టంలో తాడు లాగి, గుడ్డతో తుడిచి, వరుసలో అప్పగించాలి. తీరా ఫైరింగ్ రోజున అవి మగపిల్లలకి వెళ్లిపోయేవి. అమ్మాయిలకు బొమ్మల్లాంటి పాయింట్ టూటూ రైఫిళ్లు ఇచ్చేవారు. పెద్దది తన్నితే మీ భుజం విరుగుతుందని సుబేదారు నవ్వేవాడు. మోయడానికి విరగని భుజం కాల్చడానికి ఎందుకు విరుగుతుందో అప్పట్లో కరుణమ్మ అడగలేకపోయింది. ఇప్పుడు ఎవరినీ అడగవలసిన పని లేదు.

శనివారం పొద్దున్నే కాగితం విప్పారు. లోపల రైఫిల్ కనబడితేగా. మూతి నుంచి, భుజానికి ఆనించే మడమ దాకా ముదిరిన బెల్లంపాకంలాంటి గ్రీజు. తుప్పు పట్టకుండా గిడ్డంగిలో పెట్టేముందు పూస్తారు, కాస్మొలీన్ అంటారని షాపులో చెప్పారు. ఒకసారి గుడ్డ దూర్చి లాగి కాల్చేసుకోండి, ఏం కాదని కూడా చెప్పారు. కరుణమ్మ ఆ మాట నమ్మలేదు. గొట్టం అడ్డుపడి ఉండగా కాలిస్తే ఏమవుతుందో, ఎమర్జెన్సీ వార్డులో ఒకడి చెయ్యి చూసి ఆవిడకు తెలుసు.

ఏసుపాదానికి ఇష్టం లేకపోయినా ఊరికే నిలబడలేక, లాన్ మోవర్‌లో పోసే గ్యాసొలీన్ డబ్బా తెచ్చిచ్చాడు. ఆవిడ ఆ డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టించింది. గరాజ్‌లో వాటర్ హీటర్ కింద సన్నమంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఆవిరి అంటుకుంటే ఇల్లు మిగలదంది. బల్లను పెరట్లోకి మోయించి పాత పేపర్లు పరిచింది. పెయింట్ ట్రేలో, రంగు పల్చన చేసే మినరల్ స్పిరిట్స్ పోసి, చేతులకు రబ్బరు గ్లవ్స్ తొడుక్కుంది. ఇక్కడిదాకా అంతా ఆపరేషన్ థియేటర్ పద్ధతే.

మరలు విప్పి ముందు భాగపు చెక్కలు ఊడదీసింది. తూటాను గొట్టంలోకి తోసే బోల్టు బయటికి లాగింది. దాని మీది నంబరూ తుపాకీ మీది నంబరూ ఒకటే అని చూసి తృప్తిపడింది. ఒక్కొక్క ముక్కనూ ట్రేలో నానబెట్టి టూత్‌బ్రష్‌తో తోముతుంటే, గోధుమరంగు మడ్డి కింద నుంచి నల్లని ఇనుము మెల్లగా తేలింది. గొట్టానికి గరాటు పెట్టి కెటిల్‌తో మరిగే నీళ్లు పోశారు. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత కొవ్వొత్తి ముక్కలాంటి ముద్ద ఒకటి జారి బకెట్‌లో పడింది. ఏసుపాదం వంగి ఆ ముద్దను చాలాసేపు చూశాడు. దాంతోనే కాల్చమన్నాడా షాపువాడు, అన్నాడు. అప్పటినుంచి ఆయన గ్లవ్స్ కూడా తొడుక్కున్నాడు.

తడి ఆరగానే ఇనుముకంతా పల్చగా నూనె రాశారు. చెక్క మాత్రం లొంగలేదు. ఎన్నో ఏళ్లు గ్రీజు తాగిన చెక్క పైపైన తుడిస్తే వదలదు. విప్పిన చెక్కల్ని కరుణమ్మ పాత తువ్వాళ్లలో చుట్టి, నల్ల చెత్తసంచిలో పెట్టి, అద్దాలు ఎత్తిన కారులో ఎండకు పడేసింది. టెక్సస్ జులై ఎండ ఆ పని చేసిపెట్టింది. తీసి చూసినప్పుడల్లా చెక్క చెమట పట్టినట్టు గ్రీజు కక్కేది. తుడిచి మళ్లీ పెట్టేది.

సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన కూటం. బోల్టును పాత అల్యూమినియం గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద ఉడకబెట్టిన వాసన ఇంకా ఇల్లంతా ఉంది. అగరొత్తి వాసన కాదు, పులుసు వాసనా కాదు. వచ్చినవాళ్లు ముక్కులు ఎగబీల్చి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఏదో చెప్పి సర్దుదామని ఏసుపాదం నోరు తెరిచేలోపే కరుణమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. అందరిలోకి పెద్దావిడ దెబోరా కళ్లజోడు సవరించుకుంది.

"దేన్ని కాలుస్తావమ్మా?"

"కాగితాన్ని అక్కా. నూరు గజాల దూరంలో పెడతారు."

దెబోరా చేతులు జోడించింది. "అయితే సూటిగా తగలాలని ప్రార్థన చేద్దాం," అని కళ్లు మూసుకుంది. మిగిలినవాళ్లకు కళ్లు మూసుకోక తప్పలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి రైఫిల్ బిగించారు. తూటా లేదని రెండుసార్లు చూసుకుని కరుణమ్మ ఖాళీ ట్రిగ్గర్ నొక్కింది. పక్కన కూర్చున్న ఏసుపాదం తల అడ్డంగా ఊపాడు. మళ్లీ నొక్కమన్నాడు.

"శబ్దం మొద్దుగా ఉంది. లోపల ఇంకా ఉంది గ్రీజు."

ఆవిడకు తేడా తెలియలేదు. కానీ పాటలో ఒక్క స్వరం పక్కకు పోయినా పట్టుకునే చెవి ఆయనది. తూటాను కొట్టే లోపలి సూదిని ఊడదీసే పనిముట్టు వాళ్ల దగ్గర లేదు కాబట్టి, బోల్టును స్పిరిట్‌లో నానబెట్టడం, ఆరబెట్టడం, నొక్కి వినడం. మూడు విడతలకు గానీ ఆయన ఒప్పుకోలేదు. చివరిసారి 'టక్'మంది. ఆయన చిటికె వేశాడు.

మరుసటి శనివారం ఊరి బయటి షూటింగ్ రేంజ్‌కి వెళ్లారు. చెవులకు మూతలు పెట్టుకుని, మడమను భుజానికి గట్టిగా హత్తుకుని, ఊపిరి బిగబట్టి కరుణమ్మ ట్రిగ్గర్ లాగింది. రైఫిల్ తన్నింది. గట్టిగానే తన్నింది, భుజం మాత్రం ఉన్నచోటే ఉంది. మొదటిది కాగితం కింది అంచున పడింది. గురి ఎత్తి మళ్లీ కాల్చింది, ఇంకాస్త ఎత్తింది. అయిదోది నల్ల వలయంలో దిగింది. ఆ తర్వాతవి దాని చుట్టూనే పడ్డాయి.

గొట్టం వేడెక్కేసరికి చెక్క మళ్లీ చెమర్చింది. ఆవిడ లేచి నిలబడేసరికి అరచేతి నిండా గోధుమరంగు మడ్డి. ఏసుపాదం జేబురుమాలు ఇచ్చి, ఆవిడ లేచిన చోట కూర్చున్నాడు. మడమ ఎక్కడ ఆనించాలో ఆవిడ చూపించింది. ఆయన మొదటి దెబ్బ కాగితాన్ని తాకనే లేదు. అయినా ఇంకో అయిదు తూటాలు ఇమ్మని చెయ్యి చాపాడు.

సోమవారం ఆసుపత్రిలో ఈ సంగతి విని, బెట్టీ అనే నర్సు తన భర్త కూడా అలాంటిదే కొన్నాడనీ, జిడ్డు చూసి భయపడి క్లోజెట్‌లో పడేశాడనీ చెప్పింది. ఆదివారం చర్చి అయ్యాక తీసుకురమ్మంది కరుణమ్మ. పాత తువ్వాళ్లు మాత్రం ఎక్కువే తెచ్చుకోమంది.