‘సోదర’ తీసేసిన రోజు

విదేశాంగ శాఖలో ఆమెను అందరూ దుబాసమ్మ అనేవారు. మంత్రిగారి మాటను పొరుగు దేశం వాళ్ళ భాషలో చెప్పడం ఆమె ఉద్యోగం. ఎదుటి పక్షానికీ ఒక దుబాసి ఉంది. వయసులో పెద్దది. తమ మంత్రి మాటను ఆవిడ ఇటు భాషలో చెబుతుంది. తొలి సమావేశంలోనే ఆవిడను ‘మీరు’ అన్నందుకు దుబాసమ్మ చీవాట్లు తింది.

“సోదర దేశాలు, సోదర దేశాలు అని మంత్రులిద్దరూ గొంతు చించుకుంటుంటే మనం అక్కచెల్లెళ్ళం కామా? ఇంకోసారి ‘మీరు’ అన్నావో, నాలుక చీరేస్తా.”

అప్పటినుంచి అక్క, చెల్లి. మంత్రులు మారారు, ప్రభుత్వాలు మారాయి. ఉమ్మడి ప్రకటనలో ‘సోదర’ మాత్రం మారలేదు.

ఆ ఉదయం కార్యదర్శి ఆమెను గదికి పిలిచాడు.

“ఈసారి ‘సోదర’ వద్దమ్మా. ‘పొరుగు’ అంటే సరిపోతుంది.”

“ఏమైందండీ?”

“మనకు ఓడరేవు కట్టిస్తున్నవాళ్ళకి ఆ మాట గిట్టదు. రోజులు మారాయి, మనం మారకపోతే ఎలా? ప్రపంచ సభలో ఓటు కూడా అంతే. ఎటూ చెయ్యెత్తం. ముందే పొక్కనివ్వకు.”

ఓడరేవు కట్టిస్తున్న పెద్ద దేశం పొరుగువాళ్ళ సముద్రంలో కొంత భాగం తనదంటోంది. దాని మీద ప్రపంచ సభలో పెట్టిన ఫిర్యాదుకు మద్దతు అడగడానికే పొరుగువాళ్ళు వస్తున్నారు.

నడవాలో అక్క ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

“చిక్కిపోయావేంటే? మీ ఆయన వండిపెట్టడం మానేశాడా?” అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. “మా తమ్ముడి పడవ ఒడ్డునే పడి ఉందే. వేటకెళితే ఆ పెద్ద దేశం ఓడలు తరుముతున్నాయి. మీ ఓటు పడితే ఇంకో నలుగురు కలిసొస్తారట. పడుతుంది కదూ?”

“లోపల మాట్లాడతారు కదక్కా,” అంది దుబాసమ్మ, చెప్పులవైపు చూస్తూ.

సమావేశంలో తమ మంత్రి కాగితం చూసి చదివాడు. “మా పొరుగు దేశానికి స్వాగతం.”

ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్ళ అలవాటు. వాళ్ళ భాషలో ‘మా సోదర దేశానికి’ అని వచ్చేసింది.

బల్లకు అవతల ముసలి మంత్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి మాట్లాడాడు. ఇటు మంత్రి ‘పొరుగు’ అనడం అక్క విన్నది. అయినా తన మంత్రిని ఆపలేదు. తలెత్తకుండా ఆయన మాటను ఇటు చెప్పింది.

“ఆ మాట ఉంటుందో ఉండదోనని దారంతా భయపడ్డాం. ఉంది. ఇక ఓటు గురించి వేరే అడగక్కర్లేదు.”

కార్యదర్శి దుబాసమ్మ చెవి దగ్గరికి వంగాడు.

“ఏం చెప్పావమ్మా?”

“నోరు జారిందండీ.”

“సరిచెయ్యి. ఓటు సంగతి కూడా చెప్పెయ్. ఇప్పుడే.”

ఆమె చెప్పింది. పొరపాటు తనదేనంది. మంత్రిగారన్నది ‘పొరుగు’ అంది. ఓటింగులో తమ దేశం ఎటూ ఉండదంది. అన్నీ వాళ్ళ భాషలోనే. ఆ భాషలో ఆమె యాసను దిద్దింది అక్కే. ముసలి మంత్రి కళ్ళజోడు పెట్టుకుని, పక్కన పెట్టిన ప్రసంగం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. అందులోంచి ఏమీ చదవలేదు.

కార్ల దగ్గర దుబాసమ్మ పరుగున వెళ్ళి అందుకుంది.

“అక్కా...”

“నడవాలో అడిగినప్పుడే తెలుసా?”

“తెలుసు.”

అక్క కారు తలుపు తెరిచింది.

“ఉద్యోగం కదా,” అంది. “మీరు మాత్రం ఏం చేస్తారు లెండి.”